కెమెరా సంగతి తర్వాత.. ముందు ఎవర్ని చూసి నవ్వాలో తేల్చుకోండి!

ఇంజినీరింగ్ చదివి, టెక్ సంగతులు రాసుకునేవాణ్ని కాబట్టి నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న ఒకటే. ‘అన్నా, చిన్న సినిమా తీద్దామనుకుంటున్నాం. ఏ కెమెరా అయితే బాగుంటుంది?’ ఇలా అడిగేవాళ్లు బెజవాడ, గుడివాడ, తెనాలి, బందరు.. డెల్టా అంతటా ఉన్నారు. కొందరు బీటెక్ చివరి సంవత్సరంలో ఉన్నారు. కొందరు ఉద్యోగంలో చేరి రెండేళ్లయింది. ఇంకొందరు క్యాంపస్ ప్లేస్‌మెంట్ వచ్చి, జాయినింగ్ లెటర్ కోసం ఎదురు చూస్తున్నారు.

కెమెరా ప్రశ్నకి జవాబు రెండు ముక్కల్లో అయిపోతుంది. మీ దగ్గరో మీ ఫ్రెండ్ దగ్గరో ఉన్న మంచి ఫోన్ చాలు. షాన్ బేకర్ అనే అమెరికన్ దర్శకుడు ‘టాంజరిన్’ సినిమాని ఐఫోన్ 5ఎస్‌తో తీశాడు. 2015లో అది సన్‌డాన్స్ చిత్రోత్సవంలో ఆడింది. పదేళ్ల తర్వాత అదే మనిషి ‘అనోరా’కి ఆస్కార్లు అందుకున్నాడు. ఇప్పుడు మీ జేబులో ఉన్న ఫోన్ ఆ 5ఎస్ కన్నా ఎన్నో మెట్లు పైనే ఉంటుంది.

అసలు అడగాల్సిన ప్రశ్న మాత్రం ఎవరూ అడగట్లేదు. మీరు తీయబోయేది కామెడీ అయితే, జనం నవ్వేది ఎవర్ని చూసి? దీనికి సమాధానం స్పష్టంగా ఉంటే తక్కువ డబ్బుతోనే సినిమా నిలబడుతుంది. లేకపోతే కోట్లు పోసినా నిలబడదు. ఈ మాటని రుజువు చేయడానికి కావాలనే ఒక చిక్కు సబ్జెక్టు తీసుకుందాం. యోగా!

సెట్ వేయకుండానే సిద్ధంగా ఉన్న కథ

కామెడీకి ముడిసరుకు ఏంటి? మనిషి చెప్పేదానికీ చేసేదానికీ మధ్య ఉండే దూరం. యోగా కళ్లు మూసుకోమంటుంది. మనమేమో ఒక కన్ను తెరిచి ఫొటో సరిగ్గా వచ్చిందో లేదో చూసుకుంటాం. అహంకారం వదలమంటుంది. ముందు వరసలో చాప ఎవరిదన్న దగ్గర గొడవ పడతాం. యోగా గొప్పదే. యోగా చుట్టూ మనం కట్టుకున్న హడావుడి ఉంది చూశారూ.. సినిమా అక్కడుంది.

ఆ హడావుడి ఎంత పెద్దదో ఒకసారి చూడండి. 2014 డిసెంబరు 11న ఐక్యరాజ్యసమితి జూన్ 21ని అంతర్జాతీయ యోగా దినంగా ప్రకటించింది. 177 దేశాలు ఆ తీర్మానానికి మద్దతుగా సంతకం పెట్టాయి. 2015లో మొదటి యోగా దినం జరిగింది. 2025 నాటికి మన రాష్ట్రంలోనే ‘యోగాంధ్ర’ పేరుతో మే 21 నుంచి నెల రోజుల కార్యక్రమం పెట్టారు. 2 కోట్ల మందిని భాగస్వాముల్ని చేయాలన్నది లక్ష్యం. జూన్ 21న ప్రధాని సమక్షంలో విశాఖ తీరంలో 3 లక్షల మందికి పైగా ఒకేసారి ఆసనాలు వేశారు. గిన్నిస్ రికార్డు వచ్చింది.

అంత పెద్ద కార్యక్రమం మీ వీధి చివరి పార్కులోకి దిగినప్పుడు ఏమేం జరగొచ్చో ఊహించండి. లెక్క తగ్గకూడదని మార్నింగ్ వాక్‌కి వచ్చిన పెద్దాయన్ని బతిమాలి కూర్చోబెట్టే ఉద్యోగి. అందరికీ ఒకే సైజులో వచ్చిన టీషర్టులు. ముఖ్య అతిథి రావడం లేటవుతోందని జనాన్ని శవాసనంలోనే ముప్పావుగంట ఉంచేసిన నిర్వాహకుడు. ఆ ముప్పావుగంటలో హాయిగా గురక పెట్టిన ఒకే ఒక్కడు. నిజంగా యోగా కుదిరింది వాడికే! ఇవి నేను కల్పించినవే. కానీ చదువుతుంటే మీకు తెలిసిన ఎవరో ఒకరు గుర్తొచ్చే ఉంటారు. ఆ గుర్తు రావడమే చిన్న సినిమాకి పెట్టుబడి. దానికి సెట్టు వేయనక్కర్లేదు.

బయటి దేశాల సంగతీ ఇంతే. కోల్‌కతాలో పుట్టిన బిక్రమ్ చౌధురి అమెరికా వెళ్లి ‘హాట్ యోగా’ని పెద్ద వ్యాపారం చేశాడు. గదిని 40 డిగ్రీల సెల్సియస్ దాకా వేడి చేసి, 90 నిమిషాల పాటు 26 భంగిమలు వేయించడం ఆ పద్ధతి. ఆ వరస తన సొంతమని, దానికి కాపీరైట్ ఉందని కోర్టుకెక్కాడు కూడా. 2015లో అమెరికా అప్పీళ్ల కోర్టు కుదరదు పొమ్మంది. డాలర్లు కట్టి ఆ వేడి కొనుక్కుంటున్నారు వాళ్లు. మే నెలలో బెజవాడ బస్టాండులో నిలబడితే అంతకన్నా ఎక్కువ వేడి ఉచితం! మన ఊరిని ‘బ్లేజ్‌వాడ’ అని ఊరికే అనలేదు. ‘ఒరిజినల్ హాట్ యోగా, హీటర్ లేకుండా’ అని బందరు రోడ్డులో బోర్డు పెట్టే కుర్రాడి కథ ఎలా ఉంటుందంటారు?

ఇంకో తమాషా. పతంజలి యోగసూత్రాలు మొత్తం కలిపి రెండొందలకి కాస్త తక్కువ. వాటిలో ఆసనం గురించి నేరుగా చెప్పినవి మూడంటే మూడు. మిగతా అంతా మనసు సంగతే. ఇవాళ మన ప్రకటనల్లో ఆ లెక్క పూర్తిగా తిరగబడింది. ఈ తిరగబాటు చూపించడానికి ఎవర్నీ కించపరచనక్కర్లేదు. ఉన్నది ఉన్నట్టు చూపిస్తే చాలు.

రెండు సినిమాలు.. రెండు ఫలితాలు

‘ఎవర్ని చూసి నవ్వాలి’ అన్న ప్రశ్న ఎంత ఖరీదైందో రెండు సినిమాలు చెబుతాయి.

మొదటిది 2008లో వచ్చిన హాలీవుడ్ సినిమా ‘ది లవ్ గురు’. మైక్ మయర్స్ హీరో. బడ్జెట్ దాదాపు 6 కోట్ల డాలర్లు. పెద్ద స్టార్, పెద్ద స్టూడియో, పెద్ద ప్రచారం. విడుదలకి ముందే కొందరు హిందువులు అభ్యంతరం చెప్పారు. తీరా వచ్చాక అది మామూలు ప్రేక్షకుడికీ నచ్చలేదు. పెట్టిన డబ్బులు వెనక్కి రాలేదు. నా ఉద్దేశంలో కారణం సులువే. అందులో నవ్వంతా గడ్డం మీద, యాస మీద, పేర్ల మీద. అంటే వేషం మీద. వేషం చూసి ఐదు నిమిషాలు నవ్వొచ్చు. గంటన్నర నవ్వలేం.

రెండోది ‘కుమారే’. 2011లో వచ్చిన డాక్యుమెంటరీ. తీసింది విక్రమ్ గాంధీ. అమెరికాలోని న్యూజెర్సీలో పెరిగిన భారత సంతతి కుర్రాడు. యోగా గురువుల వ్యాపారాన్ని బయటపెడదామని గడ్డం పెంచాడు, కాషాయం కట్టాడు, వాళ్ల నాయనమ్మ యాసలో ఇంగ్లిష్ మాట్లాడుతూ ఆరిజోనా రాష్ట్రంలోని ఫీనిక్స్‌కి వెళ్లి ‘శ్రీ కుమారే’నంటూ కూర్చున్నాడు. తనే కల్పించిన ఆసనాలు నేర్పాడు. శిష్యులు వచ్చారు. అక్కడి నుంచే సినిమా మలుపు తిరుగుతుంది. ఆ వచ్చినవాళ్లు మూర్ఖులు కారు. అప్పుల్లో ఉన్నవాళ్లు, ఒంటరివాళ్లు, బరువు తగ్గాలని తపించేవాళ్లు. అతను ‘గురువు మీలోనే ఉన్నాడు’ అని చెబుతూ పోయాడు, వాళ్లలో కొందరి జీవితాలు నిజంగానే మారాయి. చివరికి గడ్డం తీసేసి, నేను గురువుని కాదు అని చెప్పాల్సిన రోజు వచ్చేసరికి వణికింది అతనే. ఆ సినిమాకి సౌత్ బై సౌత్‌వెస్ట్ ఉత్సవంలో ప్రేక్షకుల అవార్డు వచ్చింది.

తెలియని మనుషుల్ని అలా నమ్మించి షూట్ చేయడం సరైన పనేనా అన్న ప్రశ్న ఉంది. మీరు ఆ దారిలో వెళ్లొద్దనే చెబుతాను. కానీ పాఠం మాత్రం తీసుకోండి. మొదట్లో అతను శిష్యుల్ని చూసి నవ్వుదామనుకున్నాడు. చివరికి కెమెరా తన వైపు తిరిగింది. అందుకే అది నిలిచింది.

మన నేలకి ఇదేం కొత్త కాదు

‘మన దగ్గర ఇలాంటివి ఒప్పుకోరండీ’ అనేవాళ్లుంటారు. మన సాహిత్యం చూస్తే ఆ మాట నిలవదు. పైపై వేషాలు వేసే దొంగ యోగుల్ని వేమన ఉతికినంత ఎవరు ఉతికారు? ఆయన పేరు ముందు మనం ఇప్పటికీ ‘యోగి’ అనే పెడుతున్నాం. అంటే యోగం తెలిసినవాడే వేషాన్ని వెక్కిరించాడన్నమాట. గురజాడ ‘కన్యాశుల్కం’లో బైరాగిని పెట్టాడు. నూరేళ్లు దాటినా ఆ బైరాగి మాటలకి మనం నవ్వుతూనే ఉన్నాం.

ఇంకా దగ్గరికి రండి. కూచిపూడి అనగానే మనకి నాట్యమే గుర్తొస్తుంది. మొవ్వ మండలంలోని ఆ ఊరి భాగవతులకి పగటివేషాల సంప్రదాయం కూడా ఉంది. పట్టపగలు వీధిలోకి వచ్చి ఊరి పెద్దల నడకని, నటనని వాళ్ల ముందే ఆడి చూపించేవాళ్లు. సిద్ధవటం పాలకుడు సమ్మెట గురవరాజు జనాన్ని పెట్టిన హింసని ఈ భాగవతులే విజయనగర రాజు ముందు ప్రదర్శించి, అతనికి శిక్ష పడేలా చేశారని మాచుపల్లి కైఫీయతు చెబుతోంది. తక్కువ ఖర్చు, స్థానిక నటులు, నిజమైన వీధి, సూటి వ్యంగ్యం. ఇండిపెండెంట్ సినిమా అంటే ఇంతకన్నా ఏముంది?

గమనించండి, వీళ్లెవరూ బలహీనుణ్ని వెక్కిరించలేదు. భక్తిని వెక్కిరించలేదు. భక్తి పేరుతో, అధికారం పేరుతో నటించేవాణ్ని పట్టుకున్నారు. మీ స్క్రిప్టులో ప్రతి జోక్ పక్కనా ఒక చిన్న ప్రశ్న రాసుకోండి. ‘ఈ జోక్ ఎవరికి తగులుతుంది? వాడు నాకన్నా పైనున్నవాడా, కిందున్నవాడా, లేక నేనేనా?’ కిందున్నవాడికి తగిలితే కొట్టేయండి. మీకే తగిలితే రెండుసార్లు ఉంచండి.

జూన్ 21.. కాలువకి నీళ్లొచ్చే రోజులు

ఈ లెక్కన మన డెల్టాలో ఒక కథ ఎలా మొలకెత్తుతుందో చూద్దాం. కథ నాది. నచ్చితే తీసుకోండి, మార్చుకోండి.

ఉయ్యూరు దగ్గర ఓ పల్లె. హైదరాబాద్‌లో ఉద్యోగం ఊడిన బీటెక్ కుర్రాడు ఇంటికొస్తాడు. ఉద్యోగం పోయిందని నాన్నకి చెప్పలేక ‘వర్క్ ఫ్రమ్ హోమ్’ అంటాడు. ఆన్‌లైన్‌లో నెల రోజుల కోర్సు చేసి యోగా ట్రైనర్ సర్టిఫికెట్ తెచ్చుకుంటాడు. యోగా దినం దగ్గర పడింది, ఊరికి ఒక ట్రైనర్ కావాలి. వీడే దొరికాడు. జూన్ మూడో వారం అంటే కాలువలకి నీళ్లు వదిలే రోజులు. నారుమళ్ల పనులు మొదలవుతాయి. ఊళ్లో ఖాళీగా ఎవరుంటారు? లెక్క చూపించాలి కాబట్టి మనవాడు పొలాల్లోకే వెళ్లి, అక్కడున్న ఆడకూలీల ముందు నిలబడి పాదహస్తాసనం నేర్పుతాడు. నడుం వంచి చేతులు నేలకి ఆనించాలి అంటాడు. వీడి చేతులేమో మోకాళ్ల దగ్గరే ఆగిపోతాయి. వాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటారు. ‘బాబూ, పొద్దున్నించి సాయంత్రం దాకా మేం చేసేదదే గదా.. దీనికి సర్టిఫికెట్ నువ్విస్తావా, మేమివ్వాలా?’

ఈ సీన్లో ఎవర్ని చూసి నవ్వుతున్నాం? కూలీల్ని కాదు, యోగాని కాదు, ట్రైనర్ని కూడా పూర్తిగా కాదు. ఏసీ గదిలో కూర్చుని నడుం పట్టేసి, మళ్లీ వంగడం నేర్చుకోవడానికి డబ్బు కడుతున్న మనందర్నీ చూసి. నవ్వు తర్వాత ఒక ముల్లు కూడా మిగులుతుంది. వంగి వంగి నడుం అరిగిపోయిన ఆ అక్కలకి ఎవరు ఏ ఆసనం చెప్పాలి? ఆ కుర్రాడు చివర్లో నిజంగా వాళ్ల నడుంనొప్పికి పనికొచ్చే ఏదైనా నేర్చుకుని వస్తే, అదే మీ క్లైమాక్స్. ఫైట్లు అక్కర్లేదు. నాన్న ముందు నిలబడి ‘నా ఉద్యోగం పోయింది’ అని చెప్పగలిగితే, వాడికి కుదిరిన మొదటి ఆసనం అదే అవుతుంది.

ఖర్చు కూడా లెక్కేయండి. ఒక ఇల్లు, ఒక పంచాయతీ ఆవరణ, ఒక పొలం. ఎవరి మీద నవ్వాలో స్పష్టంగా ఉంది కాబట్టి కథ అటూ ఇటూ పోలేదు. కథ పోకపోతే లొకేషన్లు పెరగవు. లొకేషన్లు పెరక్కపోతే బడ్జెట్ పెరగదు. స్పష్టతకీ డబ్బుకీ ఉన్న లింకు ఇదే.

మన పక్క ఊళ్లే చూపించాయి

స్టార్లు లేని చిన్న కథ ఆడుతుందా అంటారేమో. ‘కలర్ ఫొటో’ బందరు కథ. సందీప్ రాజ్ దర్శకుడు, సుహాస్ హీరో. ఇద్దరూ షార్ట్ ఫిల్ముల నుంచి వచ్చినవాళ్లే. 2020 అక్టోబరు 23న ఆహాలో విడుదలైంది. 68వ జాతీయ అవార్డుల్లో ఉత్తమ తెలుగు చిత్రంగా నిలిచింది. అదే సుహాస్‌తో 2023 ఫిబ్రవరిలో వచ్చిన ‘రైటర్ పద్మభూషణ్’ బెజవాడ కథ. గొప్ప రచయిత అనిపించుకోవాలని తాపత్రయపడే లైబ్రరీ ఉద్యోగి చుట్టూ నడుస్తుంది. కృష్ణ అవతల ఒడ్డున గుంటూరులో ‘మిడిల్ క్లాస్ మెలొడీస్’ బొంబాయి చట్నీ మీద నిలబడింది. 2018లో ‘కేరాఫ్ కంచరపాలెం’ విశాఖలోని ఆ పేట మనుషుల్నే నటుల్ని చేసింది. 2021లో ‘సినిమా బండి’ ఒక ఆటోడ్రైవర్‌కి కెమెరా దొరికితే ఏమవుతుందో చూపించి నెట్‌ఫ్లిక్స్ దాకా వెళ్లింది.

వీటన్నిటికీ ఒకే పోలిక ఉంది. అన్నీ తమ ఊరి మనిషి ఆశని చూసి నవ్వించాయి, ఆ మనిషిని మాత్రం తక్కువ చేయలేదు. బొంబాయి చట్నీ చిన్నదే. దాన్ని అమ్మి గెలవాలనుకునేవాడి పట్టుదల మాత్రం చిన్నది కాదు.

ఒక్క నిజం కూడా చెప్పుకోవాలి. ఇవన్నీ గెలిచినవి కాబట్టి మనకి తెలిశాయి. పేరు తెలియకుండా ఆగిపోయిన చిన్న సినిమాలు వీటికన్నా చాలా ఎక్కువ. అందుకే డబ్బు దగ్గర జాగ్రత్త కావాలి.

వంద రూపాయల లెక్క

మీ దగ్గర ఎంతుంటే అంతని వంద అనుకోండి. నా సలహా ఇది. మనుషుల పారితోషికాలకి 25. తిండి, టీలు, ప్రయాణాలకి 25. సౌండ్‌కి 15. ఎడిటింగ్, మిక్సింగ్, కలర్‌కి 15. లెన్సు, లైట్ల అద్దెకి 10. మిగిలిన 10 ముట్టుకోవద్దు. వాన పడుతుంది, ఎవరికో జ్వరం వస్తుంది, హార్డ్ డిస్క్ పోతుంది. అప్పుడు కావాలి. గొప్ప కెమెరాకి ఇందులో చోటు లేదని గమనించారా?

సౌండ్‌కి 15 ఎందుకంటే, బొమ్మ కాస్త మసగ్గా ఉన్నా జనం సర్దుకుంటారు. మాట వినపడకపోతే ఆపేస్తారు. కామెడీలో అయితే మరీను. పంచ్ సగం వినిపిస్తే నవ్వు సున్నా. యోగా కథ కాబట్టి పొద్దున్నే షూటింగ్. పొద్దున్నే డెల్టాలో గుడి మైకు, కోడి, ట్రాక్టరు, రైలు కూత, పాల బండి హారన్.. అన్నీ ఒకేసారి మేల్కొంటాయి. కాలర్ మైకులు రెండు, విడిగా రికార్డర్ ఒకటి అద్దెకి తీసుకోండి. ప్రతి లొకేషన్లో ఎవరూ మాట్లాడకుండా ఒక నిమిషం ఖాళీ శబ్దం రికార్డు చేసి పెట్టుకోండి. ఎడిటింగ్‌లో ఆ నిమిషమే మిమ్మల్ని కాపాడుతుంది.

టెక్ సంగతులు మరో రెండు. మన కరెంటు 50 హెర్ట్జ్. ఫోన్లో 30 ఫ్రేములతో తీస్తే కొన్ని ట్యూబులైట్లు, ఎల్‌ఈడీల కింద బొమ్మ మినుకు మినుకుమంటుంది. 25 ఫ్రేములు, షట్టర్ 1/50 పెట్టుకుంటే ఆ బెడద చాలావరకు పోతుంది. ఫోకస్, ఎక్స్‌పోజర్ లాక్ చేయగల కెమెరా యాప్‌లు ఉచితంగానే దొరుకుతున్నాయి. ఎడిటింగ్‌కి ‘డావిన్చి రిజాల్వ్’ ఉచిత వెర్షన్ చాలు. ఆ రోజు ఫుటేజీని ఆ రాత్రే రెండు డిస్కుల్లో ఎక్కించి, రెండూ వేర్వేరు ఇళ్లలో పెట్టండి.

పొద్దుటి వెలుతురు అందంగా ఉంటుంది, కానీ ఆగదు. ఆరింటికి మొదలెట్టిన సీన్ ఎనిమిదిన్నరకి వేరే సీన్‌లా కనబడుతుంది. కాబట్టి బయటి సీన్లు చిన్నవిగా రాసుకోండి. ఎండెక్కాక ఇంటి లోపలి సీన్లకి మారిపోండి. ఇలా ప్లాన్ చేస్తే గంటన్నర సినిమాని 12 నుంచి 15 రోజుల్లో చుట్టేయొచ్చు. దానికి ముందు నెల రోజులు రిహార్సల్ ఉండాలి. రిహార్సల్‌కి అద్దె లేదు, మేడ మీద చేసుకోవచ్చు.

పారితోషికాలకి 25 అన్నాను. ‘ఫ్రెండ్సే కదా, ఊరోళ్లే కదా’ అని దీన్ని మిగుల్చుకోవద్దు. పొలం సీన్లో నటించే అక్కలు ఆ రోజు కూలి పోగొట్టుకుని వస్తారు. ఆ కూలికి తగ్గకుండా, సాయంత్రం ఇంటికెళ్లే ముందే చేతిలో పెట్టండి. టీమ్‌లో అమ్మాయిలుంటే బాత్రూమ్ ఉన్న లొకేషన్, చీకటి పడితే ఇంటి దాకా దింపే బండి.. ఈ రెండూ బడ్జెట్‌లో మొదటి లైన్లో ఉండాలి. వ్యవస్థ మీద జోకులేసే సినిమా, తన టీమ్‌ని ఏడిపించకూడదు.

భయం సంగతి

ఇక అందరూ గొంతు తగ్గించి అడిగే ప్రశ్న. ‘యోగా మీద కామెడీ అంటే కేసులు పెడతారేమో?’

చట్టం ఏం చెబుతుందో చూడండి. ఐపీసీలో 295-ఎ గా ఉన్నది ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 299. ఒక వర్గం మత భావాల్ని ఉద్దేశపూర్వకంగా, దురుద్దేశంతో అవమానిస్తే అది నేరం. ఆ రెండు మాటలూ ముఖ్యం. మతాన్ని కించపరిచే ప్రతి మాటా ఈ సెక్షన్ కిందకి రాదని, కావాలని దురుద్దేశంతో చేసిన తీవ్రమైన అవమానాలకే ఇది వర్తిస్తుందని సుప్రీంకోర్టు 1957లోనే రాంజీలాల్ మోదీ కేసులో చెప్పింది. అయితే చట్టం మీ వైపున్నంత మాత్రాన కోర్టుల చుట్టూ తిరిగే శ్రమ తప్పుతుందని కాదు. చిన్న సినిమాకి ఆ శ్రమే పెద్ద శిక్ష.

అందుకే మళ్లీ మొదటి ప్రశ్నే కాపలా కాస్తుంది. దేవుడి పేరు, మంత్రం, నిజమైన గురువు, నిజమైన సంస్థ.. వీటితో పన్లేకుండా మనిషి నటన మీద కథ అల్లితే మీ ఉద్దేశం తెర మీదే కనబడుతుంది. ఇది భయపడి చేసే సర్దుబాటు కాదు. కామెడీకి కూడా అదే మంచిది.

కాగితాల పని చిన్నదే కానీ తప్పదు. థియేటర్లో వేయాలంటే సెన్సార్ సర్టిఫికెట్ కావాలి. 2023 చట్ట సవరణతో యూఏలో 7+, 13+, 16+ అని మూడు వర్గాలు వచ్చాయి. ఓటీటీలకి 2021 ఐటీ నిబంధనల ప్రకారం వాళ్లే వయసు వర్గం ఇచ్చుకుంటారు. పార్కు, ఘాట్, బ్యారేజీ లాంటి చోట్ల షూటింగ్‌కి రాతపూర్వక అనుమతి తీసుకోండి. ఫ్రేములో మొహం స్పష్టంగా కనిపించే ప్రతి మనిషి దగ్గరా సంతకం పెట్టించుకోండి. యోగా క్లాసులో వెనక మోగే పాట ఎవరిదో ఒకరిది. దాన్ని వాడితే యూట్యూబే ఆపేస్తుంది. వేణువు వాయించే స్నేహితుడు ఒకడుంటే ఆ సమస్య తీరిపోతుంది.

ఇది కెరీరా, కాదా?

ఈ పేజీ చదివే అమ్మానాన్నలకి ఉండే అనుమానం ఇదే. నిజాయతీగా చెబుతాను. మొదటి సినిమా కెరీర్ కాదు. దాని మీద ఇల్లు నడవదు. కాబట్టి మూడు గీతలు గీసుకోండి. ఉద్యోగం మానొద్దు. పొలం, ఇల్లు తాకట్టు పెట్టించొద్దు. నాన్న పీఎఫ్, చెల్లి పెళ్లి డబ్బులు ముట్టుకోవద్దు. మొత్తం పోయినా ఏడాదిలో కోలుకోగలిగినంతే పెట్టండి. నలుగురు స్నేహితులు కలిస్తే నాలుగు చిన్న మొత్తాలు. ఎవరెంత పెట్టారు, లాభం వస్తే ఎవరికెంత అన్నది షూటింగ్‌కి ముందే స్టాంపు పేపర్ మీద రాసుకోండి. స్నేహం చెడేది నష్టం వచ్చినప్పుడు మాత్రమే కాదు, లాభం వచ్చినప్పుడూ చెడుతుంది.

మరి మిగిలేదేంటి? ఒక పని మొదలుపెట్టి పూర్తి చేశానన్న రుజువు. ముప్పైమందిని ఒక టైముకి ఒక చోటికి తేవడం, బడ్జెట్‌లో ముగించడం, మాట ఇచ్చి నిలబెట్టుకోవడం.. ఇవన్నీ ఏ ఇంటర్వ్యూలోనైనా చెప్పుకోదగ్గవే. సినిమా వైపే వెళ్లాలనుకుంటే దారులున్నాయి. గోవా ఇఫీలో 35 ఏళ్లలోపు వాళ్ల కోసం ‘క్రియేటివ్ మైండ్స్ ఆఫ్ టుమారో’ కార్యక్రమం 2021లో మొదలైంది. దేశం నలుమూలల నుంచి ఎంపికైన కుర్రాళ్లు 48 గంటల్లో షార్ట్ ఫిల్మ్ తీసి చూపిస్తారు. ఎడిటింగ్, సౌండ్, సబ్‌టైటిల్స్ పని నేర్చుకున్నవాడికి సినిమా కాకపోయినా వేరే పని దొరుకుతుంది.

తెలుగు సినిమాకి పితామహుడు రఘుపతి వెంకయ్య నాయుడు మన బందరు మనిషే. బెజవాడ గాంధీనగర్ దశాబ్దాలుగా సినిమాలు కొని, అమ్మి, ఊరూరా పంపిన పేట. సినిమా చూడటం, అమ్మడం మనకి బాగా వచ్చు. తీయాలంటే మాత్రం బస్సెక్కి కృష్ణానగర్ వెళ్లాలనుకుంటాం. ఆ బస్సు ఖర్చు, అక్కడి అద్దె, ఎదురుచూపుల నెలలు కలిపితే ఇక్కడే ఒక చిన్న సినిమా మొదలుపెట్టొచ్చు.

ఇప్పుడే కెమెరా తీయొద్దు. ఒక వారం పాటు పొద్దున్నే ఐదున్నరకి మీ దగ్గర్లోని పార్కుకి వెళ్లండి. నోట్‌బుక్ పట్టుకుని ఒక మూల కూర్చోండి. ఎవరు ముందొస్తారు, ఎవరు ఎవరి పక్కన కూర్చోరు, ఎవరు కళ్లు మూసుకున్నట్టు నటిస్తారు, ఎవరు నిజంగా మూసుకుంటారు.. అన్నీ రాసుకోండి. ఏడో రోజు పుస్తకం మూసి మీరూ ఒక చాప వేసుకుని కూర్చోండి. మీ చేతులు మోకాళ్ల దగ్గరే ఆగిపోతే మరీ మంచిది. మీ సినిమాలో మొదటి జోక్ మీ మీదే వేసుకోవచ్చు.